మింగినంత మాత్రాన చావదు

ఆషాఢ, శ్రావణాల్లో కోనసీమ చేలల్లో ఊడ్పులు సాగుతున్నప్పుడు బురదలో దిగిన కాలికి నత్తగుల్ల గీసుకోవడం వింతేమీ కాదు. అక్కడే కాలువ నీళ్ళతో కడుక్కుని, ఇంటికెళ్ళాక ఇంత పసుపు అద్దుకుని ఊరుకుంటారు. సాయంత్రానికి ఆ చోటు ఎర్రబడి వేడెక్కుతుంది. మర్నాటికి వాచి సలుపుతుంది. ఆ పైన చీము పడుతుంది, గజ్జల్లో బిళ్ళ కడుతుంది. వారం తిరిగేసరికి చాలామందికి మానిపోతుంది. కొందరికి నెలల తరబడి మానదు. బహు కొద్దిమందికి ప్రాణం మీదికే వస్తుంది. చేను ఒకటే, బురద ఒకటే, గాయమూ దాదాపు ఒకటే. మరి ఇంత తేడా ఎక్కడ వస్తోంది?

బడిలో చదివిన జవాబు అందరికీ గుర్తే: తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను మింగి చంపేస్తాయి. అది తప్పు కాదు. కానీ మింగడానికి ముందు ఆ కణం చేయాల్సిన పనులు కొన్నున్నాయి, మింగాక చేయాల్సినవి మరికొన్ని ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి తప్పినా గాయం కథ మారిపోతుంది. మింగడం వేరు, చంపడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లనే రక్తపరీక్ష కాగితంలో అంకె చూసి ధైర్యపడటమో, భయపడటమో, ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడుల మీద డబ్బు తగలేయడమో జరుగుతోంది.

తెల్లకణాల్లో రకాలున్నాయి. మింగే పని ప్రధానంగా రెండింటిది. ఒకటి న్యూట్రోఫిల్. రక్తంలోని తెల్లకణాల్లో 40 నుంచి 70 శాతం ఇవే. ఎముక మూలుగలో రోజుకు పదివేల కోట్ల దాకా తయారవుతాయి. రక్తంలో ఒక రోజు తిరగడం కూడా కష్టమే. రెండోది మాక్రోఫేజ్. రక్తంలో మోనోసైట్‌గా తిరిగిన కణం కండలోకి వెళ్ళాక పెరిగి మాక్రోఫేజ్ అవుతుంది. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ప్లీహంలో ముందునుంచే కాపురమున్న మాక్రోఫేజ్‌లూ ఉన్నాయి. అవి నెలల తరబడి బతుకుతాయి. న్యూట్రోఫిల్ మూడు నుంచి ఇరవై బాక్టీరియాలను మింగి చస్తుంది. మాక్రోఫేజ్ వంద దాకా మింగి కూడా బతికి ఉండగలదని వైద్య పాఠ్యపుస్తకాలు చెబుతాయి.

ఈ మింగే పనిని మొదట అర్థం చేసుకున్నది వైద్యుడు కాదు, జంతుశాస్త్రవేత్త. రష్యా సామ్రాజ్యంలోని ఖార్కివ్ ప్రాంతంలో 1845లో పుట్టిన ఇల్యా మెచ్నికోవ్ 1882లో ఇటలీలోని మెస్సీనా తీరంలో ఇల్లు తీసుకుని సముద్రజీవుల మీద పని చేస్తున్నాడు. ఒక రోజు ఇంట్లో వాళ్ళంతా సర్కస్‌కు వెళ్ళారు. ఆయన ఒక్కడే మైక్రోస్కోపు ముందు కూర్చుని నక్షత్రచేప పిల్లలను చూస్తున్నాడు. వాటి ఒళ్ళు అద్దంలా ఉంటుంది, లోపల కదిలే కణాలు కనబడతాయి. ఈ కదిలే కణాలు బయటి నుంచి వచ్చిన వస్తువును పట్టుకుంటాయేమోనన్న ఊహ తట్టగానే, తోటలోకి వెళ్ళి గులాబీ ముళ్ళు తెచ్చి ఆ పిల్లల చర్మం కింద గుచ్చాడు. తెల్లవారేసరికి ముళ్ళ చుట్టూ కణాలు మూగి ఉన్నాయి.

ముల్లు చావదు కదా అన్న ప్రశ్న మిగిలింది. రెండేళ్ళ తర్వాత, 1884లో, దానికి జవాబు నీటి ఈగ అనే డాఫ్నియాలో దొరికింది. చెరువుల్లో ఉండే ఆవగింజంత జీవి అది. ఒక రకం శిలీంధ్రం సూది లాంటి బీజాలు మేతతో పాటు దాని కడుపులోకి పోయి, పేగు గోడను పొడుచుకుని బయటికి వస్తాయి. కణాలు ముందుగా అందుకుని మింగేస్తే ఈగ బతికేది. బీజాలు తప్పించుకుని మొలకెత్తితే చచ్చేది. ఒక జీవి చావు బతుకులు ఆ పరుగు మీద ఆధారపడి ఉన్నాయని కళ్ళారా చూసిన మొదటి మనిషి ఆయనే అనుకోవచ్చు.

డాఫ్నియా క్రస్టేషియన్ జాతిది, అంటే భీమవరం చెరువుల్లోని రొయ్యకు దూరపు చుట్టం. హేచరీ నుంచి తెచ్చిన రొయ్యపిల్లల సీడ్‌ను గాజు గ్లాసులో పోసి వెలుతురుకు ఎత్తి చూసే రైతుకు ఆ పారదర్శకత కొత్త కాదు. రొయ్యకు మన లాంటి యాంటీబాడీలు, అంటే ఒక్కో క్రిమిని గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్లు, ఉండవు. దాని రక్తంలోని హీమోసైట్లు అనే కణాలే మింగాలి, లేదా దాడికి వచ్చినదాన్ని చుట్టుముట్టి నల్లటి మెలనిన్‌తో కప్పేయాలి. పెంకు మీద గాయమైన చోట కనబడే నల్లమచ్చ ఆ పని గుర్తే. మేతలో కలపమని అమ్మే కొన్ని మందుల్లో ఈస్టు గోడలోని బీటా గ్లూకాన్ ఉంటుంది. శిలీంధ్రం వచ్చిందేమో అన్న సంకేతాన్ని హీమోసైట్లకు ఇవ్వడమే దాని ఉద్దేశం. అయితే తెల్లమచ్చ వ్యాధి వైరస్ వల్ల వస్తుంది. అది కణాల లోపలే పెరుగుతుంది కాబట్టి మింగే కణాలు ఎంత చురుగ్గా ఉన్నా చెరువు నిలబడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇచ్చే డీలరును నమ్మకపోవడమే మంచిది.

మెచ్నికోవ్ మాట అంత సులువుగా చెల్లలేదు. జర్మన్ పరిశోధకుల దృష్టిలో అసలు రక్షణ రక్తద్రవంలో ఉంది, కణాల్లో కాదు. పైగా తెల్లకణాల లోపల సూక్ష్మజీవులు కనబడటాన్ని అప్పటి పాథాలజిస్టులు తలకిందులుగా చదివారు. ఈ కణాలే క్రిములను మోసుకుపోయి ఒళ్ళంతా పంచుతున్నాయన్నారు. ఆ వాదన ఓడిపోయిందని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. నా మట్టుకు నాకు అది పూర్తిగా ఓడిపోయినట్టు అనిపించదు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. 1903లో ఆల్మ్‌రాత్ రైట్, స్టువర్ట్ డగ్లస్ అనే ఇద్దరు లండన్‌లో రెండు పక్షాలనూ కలిపారు. రక్తద్రవంలోని కొన్ని పదార్థాలు బాక్టీరియాకు అంటుకుంటేనే కణాలు వాటిని బాగా మింగుతాయని చూపించారు. 1908లో నోబెల్ బహుమతిని కణాల పక్షాన మెచ్నికోవ్‌కూ, ద్రవం పక్షాన పాల్ ఎర్లిష్‌కూ కలిపి ఇచ్చారు.

ఇక చేలో గీసుకున్న కాలి దగ్గరికి వద్దాం.

తెల్లకణాలను సైనికులు అనడం మన పాఠాల్లో అలవాటు. సైనికుడికి కళ్ళుంటాయి, ఎవరు శత్రువో చెప్పే అధికారి ఉంటాడు. ఈ కణానికి ఆ రెండూ లేవు. దానికి తెలిసిందల్లా రసాయనాల గాఢత. బాక్టీరియా తన ప్రోటీన్లను తయారు చేసేటప్పుడు మొదటి అమైనో ఆమ్లానికి ఫార్మైల్ అనే చిన్న రసాయన గుంపు తగిలించి ఉంటుంది. మన కణాలు తమ ప్రోటీన్లకు అలా చేయవు. అందువల్ల ఫార్మైల్ ముక్కలు కనబడితే దగ్గర్లో బాక్టీరియా ఉన్నట్టే లెక్క. ఒక్క మినహాయింపు ఉంది. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఒకప్పటి బాక్టీరియా సంతతి. అవి ఇప్పటికీ ఆ పాత పద్ధతినే పాటిస్తాయి. కొబ్బరి బొండం కాలి మీద పడి కండ నలిగితే, తోలు చీలకపోయినా, క్రిమి లేకపోయినా వాపు రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. చితికిన కణాల మైటోకాండ్రియా బయటపడి న్యూట్రోఫిల్‌ను పిలుస్తుంది.

గాయం దగ్గరి కణాలు కూడా సంకేతాలు వదులుతాయి. వాటి ప్రభావంతో అక్కడి సన్న రక్తనాళాల లోపలి గోడ మీద సెలెక్టిన్లు అనే అతుక్కునే అణువులు పైకి తేలతాయి. రక్తంతో పాటు వేగంగా పోతున్న న్యూట్రోఫిల్ వాటికి తగులుకుని నెమ్మదిస్తుంది. కాలువలో కొట్టుకుపోతున్న గుర్రపుడెక్క గట్టు వారన రెల్లుకు చిక్కుకుంటూ, విడిపోతూ, మళ్ళీ చిక్కుకుంటూ దొర్లినట్టు దొర్లుతుంది. ఆ తర్వాత ఇంటెగ్రిన్లు అనే గట్టి పట్టు దొరికి ఆగిపోతుంది. గోడ కణాల సందులోంచి తన ఒళ్ళంతా సన్నగా సాగదీసుకుని బయటికి జారుతుంది. ఇదంతా నిమిషాల పని. గాయం చుట్టూ ఎర్రగా, వేడిగా ఉండేది నాళాలు వెడల్పై రక్తం ఎక్కువ వచ్చినందుకు. వాపు నాళాల నుంచి ద్రవం ఊరినందుకు.

బయటికొచ్చాక పాకాలి. పన్నెండు పదిహేను మైక్రోమీటర్ల (మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఒళ్ళున్న ఈ కణం నిమిషానికి ఇంచుమించు పది మైక్రోమీటర్లు కదులుతుంది. మిల్లీమీటరు దూరం పోవడానికి గంటన్నర పైనే. తన ఒంటికి ముందువైపు, వెనకవైపు రసాయనం గాఢతలో ఒకటి రెండు శాతం తేడా ఉన్నా పసిగట్టి, ఎక్కువగా ఉన్న వైపుకు తిరుగుతుంది. మొదటి న్యూట్రోఫిల్ గాయానికి చేరాక తానూ సంకేతం వదులుతుంది, దాంతో మిగతావి గుంపుగా వస్తాయి.

ఇప్పుడు పట్టుకోవాలి. బాక్టీరియా పైపొరకూ, మన కణాల పైపొరకూ విద్యుదావేశం రుణమే కాబట్టి మామూలుగా రెండూ ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటాయి. రైట్ చూపించిన సంగతి ఇక్కడే పనికొస్తుంది. రక్తద్రవంలోని కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల వరసలో సీ3బీ అనే ముక్క బాక్టీరియాకు అతుక్కుంటుంది. అదే క్రిమి ఇంతకు ముందు వచ్చి ఉంటే, లేదా టీకా పడి ఉంటే, యాంటీబాడీలూ అతుక్కుంటాయి. న్యూట్రోఫిల్ పైపొరలో ఈ రెండింటికీ సరిపడే గ్రాహకాలున్నాయి. ఒక గ్రాహకం తగలగానే దాని పక్కది, దాని పక్కది అలా బాక్టీరియా చుట్టూ కణం పొర పరుచుకుంటూ పోతుంది. పొర లోపల యాక్టిన్ అనే ప్రోటీన్ పోగులు చకచకా అల్లుకుంటూ దాన్ని ముందుకు తోస్తాయి. చివర్లు కలిసి మూసుకోగానే బాక్టీరియా ఒక సంచిలో చిక్కి కణం లోపల ఉంటుంది. ఆ సంచి పేరు ఫాగోసోమ్.

న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ ఈ దశలోనే ఎదురు తిరుగుతుంది. దాని ఒంటికి జారుడు చక్కెరల పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంత కాలం కాంప్లిమెంట్ అతుక్కున్నా న్యూట్రోఫిల్ చేతికి సరిగా అందదు. పసిపిల్లలకు వేసే న్యుమోకాకల్ టీకా చేసేది ఆ పొర మీదే అతుక్కునే యాంటీబాడీలను ముందే సిద్ధం చేసి పెట్టడం. టీకా, తెల్లకణం వేర్వేరు రక్షణలని మనం అనుకుంటాం. ఇక్కడ టీకా లేకుంటే తెల్లకణం చేతులు ముడుచుకుని కూర్చుంటుంది.

సరే, మింగింది. ఇక్కడ దాకానే బడి పాఠం. అసలు కష్టమంతా ఇక్కడి నుంచి మొదలవుతుంది.

సంచి మూసుకుంటున్నప్పుడే న్యూట్రోఫిల్ లోపలి గుళికలు దాని వైపు కదిలి అందులో కలిసిపోతాయి. వాటిలో లైసోజైమ్ ఉంటుంది, అది బాక్టీరియా గోడను కొరుకుతుంది. డిఫెన్సిన్లు ఉంటాయి, అవి పొరకు తూట్లు పొడుస్తాయి. లాక్టోఫెర్రిన్ ఉంటుంది, అది బాక్టీరియాకు కావలసిన ఇనుమును ముందే ఎత్తుకుపోతుంది. ప్రోటీన్లను తెగ్గొట్టే ఎలాస్టేజ్ ఉంటుంది. ఇవన్నీ ఒక ఎత్తు, ఆక్సిజన్ ఒక ఎత్తు. సంచి పొర మీద ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ముక్కలన్నీ ఒకచోట చేరి ఒక్కసారిగా పని మొదలుపెడతాయి. ఆ క్షణంలో కణం వాడుకునే ఆక్సిజన్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ ఆక్సిజన్ సూపర్ ఆక్సైడ్‌గా, దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది. చివరగా మైలోపెరాక్సిడేజ్ అనే మరో ఎంజైము ఆ పెరాక్సైడ్‌నూ, ఒంట్లో ఉన్న మామూలు ఉప్పులోని క్లోరైడ్‌నూ కలిపి హైపోక్లోరస్ ఆమ్లం తయారు చేస్తుంది.

1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరద తగ్గాక అయినా, ఆ తర్వాత ఏ వరద తగ్గాక అయినా, లంక గ్రామాల్లో మొదట చేసే పనుల్లో బావుల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లడం ఒకటి. ఆ పొడి నీళ్ళలో కలిసి సూక్ష్మజీవులను చంపేది హైపోక్లోరస్ ఆమ్లం రూపంలోనే. పంచాయతీ సిబ్బంది బకెట్లతో చేసే రసాయనాన్నే న్యూట్రోఫిల్ మైక్రోమీటరు వెడల్పు సంచిలో చేస్తుంది. బయటికి ఒలికితే మన కండ కూడా కాలిపోతుంది. కొంత ఒలుకుతుంది కూడా, గాయం సలపడంలో దాని వాటా ఉంది.

మైలోపెరాక్సిడేజ్ రంగు ఆకుపచ్చ. చీముకు, ముదిరిన జలుబులో కఫానికి ఆ పచ్చదనం ఎక్కువగా దీని నుంచే వస్తుంది. కఫం పచ్చబడిందంటే న్యూట్రోఫిల్‌లు వచ్చాయని అర్థం, అంతే. వైరస్ జలుబులోనూ అవి వస్తాయి. పచ్చ కఫం కనబడగానే మందుల దుకాణానికి వెళ్ళి యాంటీబయాటిక్ అడగడానికి ఆ రంగు ఒక్కటే చాలిన కారణం కాదు.

పని ముగిశాక న్యూట్రోఫిల్ చస్తుంది. చచ్చిన న్యూట్రోఫిల్‌లు, కరిగిన కండ, కొన్ని చచ్చిన, కొన్ని చావని బాక్టీరియాలు కలిసిందే చీము. కొన్ని న్యూట్రోఫిల్‌లు చనిపోతూ తమ డీఎన్ఏనే వలలా బయటికి విసిరి క్రిములను చిక్కించుకుంటాయని 2004లో బెర్లిన్ పరిశోధకులు కనుగొన్నారు. ఒకటి రెండు రోజుల తర్వాత మాక్రోఫేజ్‌లు వచ్చి ఈ చెత్తనంతా మింగి శుభ్రం చేస్తాయి. చచ్చిన న్యూట్రోఫిల్‌ను మింగిన మాక్రోఫేజ్ స్వభావం మారి వాపు తగ్గించే సంకేతాలు వదులుతుంది. గాయం మానడం అప్పుడు మొదలవుతుంది. ఇటు డెండ్రైటిక్ కణాలు అనే మరో రకం భక్షకాలు క్రిమి ముక్కలు తీసుకుని లింఫు నాళాల గుండా గజ్జల్లోని గ్రంథికి వెళ్ళి అక్కడి టీ కణాలు అనే మరో రకం తెల్లకణాలకు చూపిస్తాయి. గ్రంథిలో కణాలు పెరిగి అది ఉబ్బుతుంది. మనం బిళ్ళ కట్టిందంటాం. బిళ్ళ మీద సున్నం, బెల్లం పట్టు వేయడం పాత అలవాటు. ఆ పట్టు వల్ల ఒరిగేదేమీ లేదు, కాలి గాయం మానితే బిళ్ళ తనంతట తానే కరుగుతుంది.

ఇప్పుడు రక్తపరీక్ష కాగితం చూద్దాం. మైక్రోలీటరు రక్తంలో తెల్లకణాలు 4,000 నుంచి 11,000 ఉంటే మామూలు. ఆ అంకె దారిలో ఉన్న కణాల లెక్క మాత్రమే. గాయంలో పని చేస్తున్నవీ, మూలుగలో సిద్ధంగా ఉన్నవీ అందులోకి రావు. రక్తంలోనే దాదాపు సగం న్యూట్రోఫిల్‌లు నాళాల గోడలను ఆనుకుని ఉంటాయి, సూదితో తీసిన రక్తంలో అవి పడవు. పరుగెత్తి వచ్చి రక్తమిచ్చినా, భయపడినా అవి గోడను వదిలి అంకె పెరుగుతుంది. ఇంతకంటే చిక్కు మరొకటి ఉంది. ఊళ్ళల్లో ఏ జ్వరానికైనా, ఏ వాపుకైనా వేసే సూదుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండటం మనకు తెలిసిన సంగతే. స్టెరాయిడ్ న్యూట్రోఫిల్‌లను నాళాల గోడ నుంచి విడదీస్తుంది, మూలుగ నుంచి మరిన్నింటిని బయటికి తెస్తుంది, గాయంలోకి దిగనీయదు. కాగితం మీద అంకె పెరుగుతుంది, గాయం దగ్గర కణాలు తగ్గుతాయి. వాపు, నొప్పి తగ్గాయి కాబట్టి సూది బాగా పనిచేసిందని రోగి సంతోషిస్తాడు.

అంకె సరిగ్గా ఉండి, మింగడమూ సరిగ్గా ఉండి, చంపడం మాత్రం జరగకపోతే ఏమవుతుందో చెప్పే జబ్బు ఒకటుంది. దాన్ని 1950ల్లో పిల్లల్లో గుర్తించారు, క్రానిక్ గ్రాన్యులోమటస్ వ్యాధి అంటారు. ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ తయారు చేసే జన్యువుల్లో ఏదో ఒకటి చెడి ఉంటుంది. ఆ పిల్లల న్యూట్రోఫిల్‌లు గాయానికి సమయానికే వస్తాయి, చీముగడ్డలు తెచ్చే బాక్టీరియా స్టాఫిలోకాకస్‌ను చక్కగా మింగుతాయి. సంచిలో ఆ రసాయనాలు పుట్టవు కాబట్టి మింగినది బతికే ఉంటుంది. గడ్డల మీద గడ్డలు వస్తాయి. ఎక్స్ క్రోమోజోమ్ మీది జన్యువు చెడితే ఎక్కువగా మగపిల్లల్లో కనబడుతుంది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ చెడిన జన్యువు వస్తే వచ్చే రకాలూ ఉన్నాయి. అవి మేనరికాలు, దగ్గరి సంబంధాలు జరిగే సమాజాల్లో ఎక్కువ. చిన్నపిల్లాడికి మళ్ళీ మళ్ళీ లోతైన సెగ్గడ్డలు లేస్తుంటే వేడి చేసిందని మజ్జిగ తాగించి ఊరుకోకుండా పిల్లల వైద్యుడికి ఆ సంగతి చెప్పడం అవసరం.

ఇది అరుదు. మధుమేహం అరుదు కాదు. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు న్యూట్రోఫిల్ పాకడం, పట్టుకోవడం, చంపడం మూడూ మందగిస్తాయి. నరాలు మొద్దుబారడం వల్ల గుల్ల గీసుకున్న సంగతే తెలియదు. సన్న నాళాలు మూసుకుపోవడం వల్ల కణాలూ, వాటికి కావలసిన ఆక్సిజనూ అక్కడికి సరిగా చేరవు. మొదట అడిగిన ప్రశ్నకు జవాబులో పెద్ద భాగం ఇదే. గట్టు మీద పక్కపక్కనే నడిచే ఇద్దరిలో ఒకరి గాయం వారంలో మానుతుంది, మరొకరి బొటనవేలు తీసేయాల్సి వస్తుంది.

మింగడానికి వీల్లేనంత పెద్ద శత్రువు వస్తే? ఈ డెల్టాకు ఆ అనుభవం తరతరాలుగా ఉంది. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగులు లింఫు నాళాల్లో కాపురముండి, రక్తంలోకి పిల్లలను వదులుతాయి. ఆ పిల్ల పురుగు మిల్లీమీటరులో పావు వంతు పొడవుంటుంది. అంటే న్యూట్రోఫిల్‌కు ఇరవై రెట్లు. మింగడం కుదరదు కాబట్టి మరో రకం తెల్లకణాలైన ఇయోసినోఫిల్‌లు, మాక్రోఫేజ్‌లు చుట్టూ మూగి, తమ గుళికల్లోని విషాలను దాని ఒంటి మీదనే ఒలకబోస్తాయి. అయితే అది అంత తేలిగ్గా జరగదు, ఎందుకంటే ఈ పురుగులు మన రక్షణను నిద్రపుచ్చడంలో ఆరితేరినవి. ఒకే మనిషి ఒంట్లో ఏళ్ళ తరబడి ఉండగలగడం అందుకే.

దీనికి మందు వచ్చింది భీమవరంలో పుట్టిన మనిషి నాయకత్వంలోనే కావడం యాదృచ్ఛికమే అయినా చెప్పుకోదగ్గది. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, 1947లో డైఇథైల్ కార్బమజైన్ బయటికి వచ్చింది. డీఈసీ మాత్ర అంటే ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ మందు గాజు గొట్టంలో పురుగుల మీద వేస్తే పెద్దగా ఏమీ చేయదు. ఒంట్లోకి వెళితే మాత్రం గంటల్లో రక్తంలోంచి పిల్ల పురుగులు మాయమవుతాయి. అవి కాలేయంలో చిక్కి, అక్కడి భక్షక కణాల చేతుల్లో చస్తున్నాయని 1950లోనే తేలింది. మందు పురుగు ముసుగు తీస్తుంది, చంపేది మన కణాలే. దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో 2004 నుంచి ఏటా సామూహికంగా మాత్రలు పంచుతున్నప్పుడు, వేసుకున్న కొందరికి జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. మాత్ర పడలేదని చాలామంది పక్కన పెట్టేస్తారు. నిజానికి ఒంట్లో పురుగులున్నవారికే ఆ జ్వరం ఎక్కువగా వస్తుంది, చచ్చిన పురుగుల శరీరాల నుంచి విడుదలయ్యే పదార్థాల వల్ల. ఆశా కార్యకర్త వచ్చి మాత్ర చేతిలో పెట్టినప్పుడు ఈ రెండు మాటలు కలిపి చెప్పగలిగితే దిండు కింద దాచే మాత్రలు కొన్ని తగ్గుతాయి. ఇంకో సంగతి, న్యూట్రోఫిల్ పాకడానికి, యాక్టిన్ పోగులు అల్లుకోవడానికి ఇంధనం ఏటీపీ. దాన్ని కండరంలో 1929లో కనుగొన్నవారిలోనూ సుబ్బారావు ఉన్నారు.

ఇక మింగించుకోవడానికే వచ్చే క్రిములు. మెచ్నికోవ్ ప్రత్యర్థులకు పూర్తిగా అన్యాయం చేయకూడదని నేననుకునేది వీటి వల్లనే. క్షయ బాక్టీరియా ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్ చేత మింగించుకుని, సంచి లోపల హాయిగా కూర్చుంటుంది. విషాల గుళికలు ఆ సంచితో కలవకుండా అడ్డుకుంటుందని 1971లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ అనే పరిశోధకులు చూపించారు. మామూలుగా మాక్రోఫేజ్ సంచిలో ఆమ్లత పెరిగి పీహెచ్ ఐదుకూ దిగువకు చేరుతుంది. క్షయ బాక్టీరియా ఉన్న సంచి ఆ స్థితికి రాదు. తనను చంపాల్సిన కణంలోనే పెరిగి, అది కదిలిన చోటికల్లా తానూ వెళుతుంది.

బురదకు సంబంధించింది మరొకటి ఉంది, మెలియాయిడోసిస్. దీన్ని 1912లో ప్రకటించింది రంగూన్‌లో పనిచేసిన ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, ఆయనతో పాటు పనిచేసిన సి.ఎస్. కృష్ణస్వామి. ఆ రోజుల్లో గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్ళిన కూలీలు వేలకు వేలు, బర్మాలో వాళ్ళను కోరంగి రేవు పేరుతో కోరంగీలు అనేవారు. ఈ జబ్బు తెచ్చే బర్క్‌హోల్డేరియా మట్టిలో, వరి చేల నీళ్ళలో ఉంటుంది. గాయం గుండా వస్తుంది, గాలివానల్లో ఊపిరి ద్వారానూ వస్తుంది. మాక్రోఫేజ్ మింగగానే కాసేపట్లోనే సంచి పొర చించుకుని కణం లోపలి ద్రవంలోకి దూకుతుంది. కణం తనను మింగడానికి వాడిన యాక్టిన్‌నే తన వెనక తోకలా అల్లుకుని, దాని తోపుతో పక్క కణంలోకి చొరబడుతుంది. కణాలను ఒకదానితో ఒకటి అతికిస్తుంది కూడా. అందువల్ల బయట తిరిగే యాంటీబాడీకి గానీ, కాంప్లిమెంట్‌కు గానీ అది దొరకదు. ఎక్కువగా పట్టుకునేది మధుమేహం ఉన్నవారిని. తెలుగు రాష్ట్రాలతో సహా దక్షిణాదిలో కేసులు బయటపడుతున్నాయి.

లోపల దాక్కునే క్రిములకు మందులు ఎక్కువ కాలం వాడించడానికి ఒక ముఖ్య కారణం ఇదే. క్షయకు మామూలుగా ఆరు నెలలు. మెలియాయిడోసిస్‌కు మొదట కనీసం పది నుంచి పద్నాలుగు రోజులు నరానికి ఇంజెక్షన్లు, ఆ తర్వాత మూడు నెలల పాటు మాత్రలు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. అసలు దాన్ని పట్టుకోవడమే కష్టం. జ్వరం, ఊపిరితిత్తుల్లో మచ్చ, బరువు తగ్గడం చూసి క్షయ అనుకుంటారు. రక్తం, చీము నమూనాలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్‌లో పెరిగినా, అనుమానం లేని ల్యాబ్‌లో అది ఏదో మట్టి బాక్టీరియా కలిసిందనుకుని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. తగ్గని జ్వరంతో వెళ్ళిన రైతు తనకు షుగర్ ఉందనీ, ఈ మధ్య బురదలో పని చేశాననీ వైద్యుడికి చెప్పి, ఆ రెండు సంగతులూ కల్చర్‌కు పంపే చీటీ మీద రాయించుకుంటే ల్యాబ్‌లో దాన్ని మరోసారి చూస్తారు.